ఇరవై నిమిషాల కుందేలు కూర

వలెట్టా,
3 మే 1986

శ్రీమతి జూజా గారికి,

నమస్కారాలు. గోజో దీవి ఒకరోజు యాత్రలో మీ ఇంటిని చేర్చినందుకు మా కార్యాలయం సంతోషిస్తోంది. మంగళవారం పదకొండున్నరకు మా గైడు లెలి ఇరవై ఎనిమిది మందిని బస్సులో మీ షారా ఊరికి తీసుకొస్తాడు. మీరు చేసే గొర్రెపాల జున్ను తలా ఒక ముక్క రుచి చూపించండి. సమయం ఇరవై నిమిషాలు. తర్వాత వాళ్ళు మీ ఊళ్ళోనే ఉన్న రాక్షసి గుడీ, ఆపైన కోటా చూసుకుని సాయంత్రం అయిదింటి పడవ ఎక్కాలి.

ఇట్లు,
ఎడ్గార్ మాంజియన్, మేనేజరు

తా.క. అతిథులను మీ ఇంటివాళ్ళలాగే చూసుకోగలరు.

షారా,
7 మే

బాబూ ఎడ్గార్,

మరియమ్మ నిన్ను చల్లగా చూడాలి. మీవాళ్ళు వచ్చారు, తిన్నారు, వెళ్ళారు. నీ ఉత్తరంలో ఒక తప్పు దొర్లింది. ఇరవై నిమిషాలని రాశావు. కుందేలు ఉడకడానికే రెండు గంటలు పడుతుంది కదా! టైపు కొట్టే పిల్ల పొరపాటై ఉంటుందని నేనే సర్దుకున్నాను. ముందు జున్ను, తర్వాత కోడిగుడ్డు వేసిన సూప్, తర్వాత కుందేలు, చివర ఎండు అంజూర పళ్ళు. ఊరికే కూర్చున్నవాళ్ళ చేత చిక్కుడుకాయలు ఒలిపించాను. ఇంటివాళ్ళలాగే చూడమన్నావుగా.

నీ జూజా అత్త

తా.క. ఒక జర్మనీ ఆయన కడుపు నిండిందని పళ్ళెం పక్కకు నెట్టాడు. మా ఇంటివాడైతే ఏం చేసేదాన్నో అదే చేశాను. చెవి కాస్త ఎర్రబడింది గానీ, పళ్ళెం ఖాళీ చేశాడు.

వలెట్టా,
9 మే

శ్రీమతి జూజా గారికి,

నమస్కారాలు. టైపు పొరపాటేమీ లేదు. అతిథులు మీ ఇంట్లో మూడున్నర గంటలు కూర్చున్నారు. గుడి అసలు చూడలేదు. కోటను బస్సు కిటికీలోంచి చూశారు. దయచేసి వడ్డన తగ్గించండి. వాళ్ళు వచ్చేది దీవి చూడటానికి. చూడవలసినవి చూడనివ్వండి.

ఇట్లు,
ఎడ్గార్ మాంజియన్

తా.క. జర్మనీ ఆయన చెవి గురించి ఫిర్యాదు చేయలేదు. కూర ఎలా వండారో రాసి పంపమన్నాడు. అది ఇక్కడ అప్రస్తుతం.

షారా,
14 మే

బాబూ ఎడ్గార్,

తగ్గించమన్నావని అంజూర పళ్ళు మానేశాను. చూడవలసినవి చూపించలేదని నువ్వు రాస్తే నాకు సిగ్గేసింది. ఈసారి ఏదీ వదల్లేదు. రొట్టెల పొయ్యి, మొన్న ఈనిన గొర్రె, మా మరిది జెప్పి కడుపు మీద ఆపరేషన్ మచ్చ, అన్నీ చూపించాను. జెప్పి ఒక్కొక్కరికీ కథ మొదట్నుంచీ చెప్పాడు. ఫొటోలు కూడా తీసుకున్నారు. "వదినా, పోప్ గారి చుట్టూ కూడా ఇంతమంది మూగరే!" అని మురిసిపోయాడు పిచ్చిసన్నాసి.

నీ జూజా అత్త

తా.క. పడవ వెళ్ళిపోయిందట. నువ్వు వాళ్ళనేమీ అనకు. వీధిలో ఇంటికి ఇద్దరి చొప్పున సర్దాం. ఫ్రాన్స్ దంపతుల్ని ఎవరింట్లో పెట్టామో మాత్రం గుర్తు రావడంలేదు. దొరగ్గానే పంపిస్తాను.

వలెట్టా,
17 మే

శ్రీమతి జూజా గారికి,

ఫ్రాన్స్ దంపతులు నిన్న చేపల పడవలో చేరుకున్నారు. మీతో ఒప్పందం నేటితో రద్దయింది. ఇకమీదట జున్ను రుచి సముద్రపు ఒడ్డున ఒక హోటల్లో చూపిస్తాం. మీ ఇంటి ముందు బస్సు ఆగదు.

ఇట్లు,
మేనేజరు

తా.క. మా గోడపత్రికలో వేయమని జెప్పి గారు పంపిన ఫొటో తిప్పి పంపుతున్నాం.

షారా,
27 మే

బాబూ ఎడ్గార్,

నీ ఉత్తరం అందింది. పోయిన మంగళవారం అలవాటుగా పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టేశాను. ఎవరూ రారని గుర్తొచ్చాక దాని ముందే కూర్చుండిపోయాను. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆ రెండు మంగళవారాలే నా ఇంట్లో కుర్చీలు చాలలేదు.

నా సూప్ కంటే గొప్పవి ఏమున్నాయో చూద్దామని ఇవాళ టికెట్టు కొనుక్కుని రేవు దగ్గర మీ బస్సే ఎక్కాను. డెబ్బై ఒక్క ఏళ్ళుగా ఇదే ఊళ్ళో ఉన్నా ఆ గుడి లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ రాళ్ళను ఒక్కొక్కటే చేత్తో తడిమి చూశాను బాబూ. నువ్వన్నది నిజమే, చూడాల్సిందే. చంకలో పసిపిల్లతో, చిక్కుళ్ళూ తేనే తప్ప ఏమీ తినకుండా ఒక రాక్షసి ఆ బండలు మోసిందని లెలి చెప్పాడు.

"అబద్ధం. ఇంట్లో పొయ్యి మీద ఇంకేదో ఉండే ఉంటుంది" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు.

కోట కూడా చూశాక మీ హోటల్‌కి వెళ్ళాం. పుల్లకు గుచ్చి ఒక జున్నుముక్క ఇచ్చారు. అది నా జున్ను కాదు. గొర్రెది కూడా కాదు. బస్సులో ముఖాలన్నీ వేలాడిపోయాయి. "మా ఇంటికి పోనీ నాయనా" అన్నాను డ్రైవరుతో. టికెట్టు కొన్నదాన్ని, ఆ మాత్రం అనకూడదా? లెలి నోరు తెరిచేలోపే బస్సు తిరిగింది. కుందేలు కూర పొద్దున్నే పొయ్యి మీద పెట్టి జెప్పికి అప్పగించి వచ్చానులే. ఇప్పుడు అందరూ మా వాకిట్లో భోంచేస్తున్నారు. ఇకనుంచి ఇదే వరస పెట్టుకో. ముందు రాళ్ళు, తర్వాత అన్నపానాలు.

నీ జూజా అత్త

తా.క. అయిదో సీట్లో ఒక పెద్దావిడ పొద్దుటినుంచీ గడియారం చూస్తూ కాగితం మీద ఏదో రాసుకుంటూ వచ్చింది. కుందేలు రెండోసారి వడ్డించాక గడియారం సంచిలో పడేసి నిజం చెప్పింది. మీ అమ్మట. తనిఖీకి పంపావట. ఇప్పుడు పడవ ఎక్కనంటోంది. ఆదివారం నువ్వే వచ్చి తీసుకెళ్ళాలట. కాస్త పెందరాళే రా, నీకు గుడి చూపిస్తాను. నువ్వూ దాని లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదని మీ అమ్మ చెప్పింది.