సండ్రీస్‌లో అక్కయ్య

అక్కయ్యా,
ఇందుమూలంగా ఇంటిల్లిపాదికీ తెలియజేయునది ఏమనగా, నేనిప్పుడు ఇంగ్లీషు పండితుణ్ణి. మా ప్రెస్సులో పేరు పేరునా రాయక్కర్లేని చిల్లర ఖర్చులన్నిటినీ కలిపి ‘సండ్రీస్’ అంటారు. గుండుసూదులు, జిగురు, చీపురు అందులోకే వస్తాయి. ఈ నెల లెక్కలో వాటి పక్కన ఓ పోస్టు కార్డు ఖర్చు కూడా రాసేశాను.

“ఇదెవరికోయ్?” అన్నాడు గుమాస్తా.

“మా అక్కకండీ. ఆవిడకి ఉత్తరం రాయకపోతే నాకు చెయ్యాడదు, నా చెయ్యాడకపోతే మీ మిషనాడదు” అన్నాను. దాంతో సంతకం పెట్టాడు.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? రెండు నెలలు రాయలేదన్న అలక చాలించి జవాబు రాయి. బావకి దణ్ణాలు. పిల్లల బుగ్గలు నా తరఫున గిల్లు.

నీ తమ్ముడు

తా.క. గుమాస్తా సంతకం పెట్టాడన్నది నా కల్పన. “అక్కని చిల్లర ఖర్చులో రాస్తావా, సిగ్గులేదూ?” అని ఆ పద్దు కొట్టేశాడు. టీ మానేసి ఈ కార్డు కొన్నాను.