గ్రూపులో లేని తిప్పేస్వామి

కళ్యాణదుర్గం,
శ్రావణ సోమవారం.

అక్కకు తమ్ముడు కాళ్లకు మొక్కి రాస్తాండే జాబు. నేనీడ బాగానే ఉండాను. ఆడ నువ్వూ, బావా, పాప సుష్మితా సుఖంగా ఉండారని అనుకుంటాండా. నీ జాబు అందింది. పోస్టుమ్యాన్ అంగడి ముందర బండి నిలిపి, నీకు కూడా ఉత్తరాలు రాసేవాళ్లు ఉండారా సామీ అని నవ్వి ఇచ్చిపోయినాడు. నీ చేతిరాత చూసి ఎన్నేండ్లయిందో. 'ళ' రాస్తే ఇప్పటికీ నాయన మాదిరే తోక కింది గీత దాకా దించుతావు.

నువ్వడిగినవాటికి ముందు చెప్తా. కన్ను బాగుండాది. చుక్కలు మానేసినా. నల్లద్దాలు ఎండలోకి పోయేటప్పుడు తప్ప పెట్టుకోను. వాన ఇంకా రాలేదు. మబ్బు పట్టేది, గాలి ఎత్తుకోని పోయేది, అదే పని. చెనిక్కాయ విత్తినోళ్లు ఆకాశం దిక్కు చూస్తాండారు, విత్తనోళ్లు విత్తినోళ్ల దిక్కు చూస్తాండారు. అంగడి గురించి అడిగినావు. కొత్త పైపులు కొనేవాళ్లు లేరు. పాత డ్రిప్పు పైపును ఎలుక కొరికిందనో, కుక్క కొరికిందనో జాయింట్ల కోసం వస్తారు, అంతే. అయినా పొద్దున్నే షట్టరు ఎత్తుతాండా. ఇంట్లో కూర్చోని ఏం చేసేది? బావ మోకాలు నొప్పి తగ్గలేదన్నావు. గుత్తిలో మీ వీధి ఎత్తు, ఆయప్పను ఊరికే ఎక్కీ దిగీ చేయొద్దని చెప్పు.

ఇంక నువ్వు అసలు అడిగిన మాట. సుష్మిత ఫోన్లో నా ఫోటో మాయమైందని, మెసేజి పెడితే పోలేదని, ఎవురితోనన్నా కొట్లాడినావా అని రాసినావు. ఎవురితోనూ కొట్లాడలేదక్కా. వాట్సాప్ అకౌంటు నేనే తీసేసినా. నీకు చెవులు వినపడవు, ఫోను చేస్తే నీకు గోలే గాని మాట తెలియదు, మనిద్దరికీ రాసుకునే దావ అదొక్కటే. అది తెలిసి కూడా తీసేస్తినని నొచ్చుకున్నింటావు. నిజానికి నేను బయటికి రావాలనుకున్నేది మా పదో తరగతి గ్రూపు నుంచి మాత్రమే. యాడ నొక్కాలో సరిగ్గా తెలియక సెట్టింగుల్లోకి పోయి అకౌంటునే తీసేసినా. అది నిజంగా తీసేయాలా అని ఇంకోసారి అడిగింది. నా నంబరు కొట్టమనింది. కోపంలో ఉన్నా, కొట్టేసినా. తీరా చూస్తే గ్రూపుతో పాటు నువ్వు రాసినవీ, సుష్మిత పంపిన ఫోటోలూ అన్నీ పోయినాయి.

కోపం ఎందుకొచ్చిందో తర్వాత చెప్తా.

తీసేసిన మొదట్లో బాగానే ఉన్నట్లు అనిపించింది. ఆ గ్రూపులో ఏముంటాదో నీకు తెలుసు గదా. తెల్లవారితే గులాబీ పూలు, దేవుని పటాలు, శుభోదయం. ఎవురో పంపింది ఇంకెవురో తిప్పి పంపుతారు. వాటిని చూసి విసుక్కునేవాణ్ణి. కానీ అవి ఆగిపోయినాక తెలిసింది, నీ మరదలు జ్యోతిలక్ష్మి పోయినాక పొద్దున్నే నన్ను పలకరిస్తాండేది ఆ పూల బొమ్మలేనని. లేస్తూనే చేయి ఫోను దిక్కే పోయేది. తీసి చూసి, టైము చూసుకోని, మళ్లా పెట్టేసేవాణ్ణి. అంగడిలో గల్లా పక్కన పెట్టుకొని, మోగుతాదేమో అని చూసేవాణ్ణి. ఇంతమంది ఉండారు గదా, ఒకరన్నా తిప్పేస్వామి ఏమైనాడప్పా అని ఫోను చేయకపోతారా అనుకుంటి. ఎవురూ చేయలేదు. హోటలు నుంచి ఉగ్గాణి పొట్లం తెచ్చుకోని తినేటప్పుడు ఇంట్లో నేను నమిలే చప్పుడు నాకే వినపడేది.

అట్లుండగా ఒక మధ్యాహ్నం రామాంజులు వచ్చినాడు. నీకు గుర్తుంటాడు, నా పక్క బెంచీలో కూర్చునేవాడు, మనింటికి వచ్చి అమ్మ చేసిన బొరుగుల లడ్లు తినేవాడు. ఇప్పుడు అనంతపురంలో కొడుకు కాడ ఉండాడు. నేను గల్లా కాడ తల వంచుకోని జాయింట్లు లెక్కపెడతాండా. ఎవురో నిలబడినట్లయి తలెత్తి చూస్తే, చేతిలో చామంతి దండ ఉన్న కవరు పట్టుకోని, నన్నే చూస్తా గడప కాడ నిలబడిపోయినాడు. రారా, కూర్చో అన్నా. కూర్చోలేదు. దగ్గరికొచ్చి నా భుజం పట్టుకోని చూసినాడు. అప్పుడు పైపుల కట్ట మీద కూలబడి, నీళ్లియ్యి అన్నాడు.

నీళ్లు తాగి చెప్పినాడు. మన తిప్పేస్వామి ఇక లేడని గ్రూపులో ఎవురో పెట్టినారంట. అందరూ నా పేరు వెతికినారంట. ఫోటో లేదు, పేరు లేదు. అంటే నిజమే అనుకున్నారంట. ఒకరి తర్వాత ఒకరు ఆత్మకు శాంతి అని పెట్టుకుంటా పోయినారంట. ఫోను చేసి అడగొచ్చు గదా అన్నా.

"పోయినోని నంబరుకు ఎట్ల చేసేదప్పా? ఇంట్లో ఎత్తేవాళ్లు కూడా ఎవురూ లేరని తెలుసు" అన్నాడు.

ఉన్నప్పుడు రాలేకపోయినా, పటానికైనా ఒక దండ ఏద్దామని బస్సెక్కి వచ్చినాడంట. అంతమందిలో వచ్చినోడు వాడొక్కడే. నేను బతికుండాననే కంటే, వాడు వచ్చినాడనేది నాకు ఎక్కువ సంతోషమైంది. నీకు చెప్పేదానికి సిగ్గేమి.

తన ఫోను నా చేతికిచ్చినాడు. నా చావుకు వచ్చిన పరామర్శలు నేనే చదువుకున్నా. అన్నీ దండాలు పెట్టే చేతులే. కొందరు దీపం బొమ్మ పెట్టినారు. మంచివాడు అని ఒకరు రాస్తే, కింద నలుగురు అవును అన్నారు. ఏం మంచి చేసినాడో ఎవురికీ గుర్తు రాలేదు. రాకుండేదానికి వాళ్ల తప్పు కూడా ఏముంది?

ఇంతకీ ఎందుకు తీసేసినావప్పా అని రామాంజులు అడిగినాడు. నేను వాని ఫోన్లోనే వెనక్కి పోయి, నేను పెట్టిన ఆఖరి మెసేజి తీసి చూపించినా. అక్కా, ఇది నీకు కూడా చెప్పాల్సిందే. కంటి ఆపరేషనుకు పక్కవీధి బయ్యన్న తోడు వచ్చినాడని నీకు రాసింటి గదా. అది అబద్ధం. ఎవురూ రాలేదు. ఆసుపత్రిలో తోడు మనిషి లేకుంటే ఆపరేషను చేసేది లేదన్నారు. ఎవురినడగాలో తెలియక గ్రూపులో పెట్టినా. ఫలానా పొద్దు నాకు కంటి ఆపరేషను, అనంతపురంలో ఉండేవాళ్లు ఎవురన్నా ఒక్క పూట నా దగ్గర ఉంటారా అని రాసినా. రాసేదానికి ఒక పొద్దంతా పట్టింది. దానికి బొటనవేళ్ల బొమ్మలు వచ్చినాయి, దండాలు వచ్చినాయి, త్వరగా కోలుకోవాలని వచ్చింది. దాని కిందనే ఇంకెవురో మనవరాలి పుట్టినరోజు కేకు పెట్టినారు. ఒక్కడినే బస్సెక్కి పోయినా. పక్క మంచం మీద ముసలాయనకు తోడు వచ్చిన ఆయమ్మను బతిమాలితే, ఆయమ్మ నా కాగితం మీద కూడా సంతకం చేసింది. కంటికి కట్టు కట్టుకోని, ఆటో అతని చేయి పట్టుకోని బస్టాండు చేరినా. నీకు చెప్పింటే బావను వదిలిపెట్టి పరిగెత్తుకోని వస్తావు. అందుకని చెప్పలేదు. ఇంటికొచ్చినాక ఆ బొటనవేళ్లను మళ్లా ఒకసారి చూసినా. అప్పుడొచ్చింది కోపం.

రామాంజులు ఆ మెసేజి కింద వేలు పెట్టి, ఎవురెవురు బొటనవేలు పెట్టినారో చూసినాడు. అందులో వాని పేరూ ఉండాది.

"నేనూ పెట్టినానే" అన్నాడు. "చదవకుండానే పెట్టిండాను."

 పోనీలే అనేదానికి నాకు నోరు రాలేదు, క్షమించమనేదానికి వానికీ రాలేదు. కడాకు వాడే ఫోను తీసుకోని, ఇది ఇప్పుడే వచ్చింది చూడు, కేశవులు నీ గురించి ఏం రాసినాడో అని ఒకటి చూపించినాడు. కేశవులు మా క్లాసోడే, ఇప్పుడు బళ్లారిలో ఉండాడు. ఇట్ల రాసినాడు: "ఎనిమిదో తరగతిలో బడి వెనక బావిలో మునిగిపోతాంటే జుట్టు పట్టుకోని నన్ను పైకి లాగినోడు తిప్పేస్వామి. ఇంట్లో కొడతారని ఇద్దరం ఎవురికీ చెప్పలేదు. వాడు లేకుంటే నా పెండ్లి లేదు, నా పిల్లలు లేరు. ఈ మాట వానికి ఒక్కసారి కూడా చెప్పకపోతిని."

దాన్ని రెండుసార్లు చదివినా. నాకు ఈత రాదని నీకు తెలుసు. అయినా ఒక్క గడియ, నేనేమన్నా లాగింటానా అని వెతుక్కున్నానక్కా. అట్లాంటి మాట నాదైతే బాగుండునని అనిపించింది. అప్పుడు గుర్తొచ్చినాడు. మా క్లాసులో ఇద్దరు తిప్పేస్వాములు ఉండ్రి. నేను పొట్టిగా ఉంటానని అయ్యవారు నన్ను చిన్న తిప్పేస్వామి అనేవాడు. ఇంకొకడు పెద్ద తిప్పేస్వామి, బెళుగుప్ప దిక్కు పల్లె నుంచి నడిచి వచ్చేవాడు. వాళ్ల నాయనకు ఒంట్లో చేతగాకపోతే తొమ్మిదిలోనే బడి మాని గొర్రెల వెనక పోయినాడు. పది చదవలేదు గాబట్టి పదో తరగతి గ్రూపులో వాణ్ణి ఎవురూ చేర్చలేదు. వాడు ఉండాడని కూడా మేం మర్చిపోయినాము. పోయినోడు వాడేనన్నమాట.

రామాంజులు అప్పుడే కేశవులుకు ఫోను చేసినాడు. కేశవులు నేను బతికుండానని విని ఆశ్చర్యపోలేదు. నేను పోయినానని ఆయప్ప అనుకోనే లేదంట.

"నాకు తిప్పేస్వామి అంటే వాడేనప్పా" అన్నాడు. "నువ్వు గుర్తు రాలేదు, ఏమనుకోవద్దు."

కేశవులుకు గుండె ఆపరేషనై ప్రయాణం చేయకూడదంట. మీలో ఎవురన్నా ఆ ఇంటికి పోయి, ఈ మాట చెప్పిరండి అని అడిగినాడు. రామాంజులు బస్సుకు టైమైంది, దండ నా దగ్గరే పెట్టిపోయినాడు. నాకోసం కొన్న దండ. దాని మీద నీళ్లు చల్లి పెట్టినా.

మరునాడు పొద్దున షట్టరు ఎత్తకుండా బెళుగుప్ప బస్సెక్కినా. దావ పొడుగునా విత్తి మొలవని చేన్లే. రోడ్డు కాడ దిగి గొర్రెల తిప్పేస్వామి ఇల్లు యాడ అని అడిగితే, పోయినాడు గదప్పా అన్నారు. తెలుసు అన్నా. రేకుల ఇల్లు, పక్కన కంపతో కట్టిన దొడ్డి. దినాలు అయిపోయి ఇల్లు కడుక్కున్నారు. పటం పెట్టిండారు, ఆధార్ కార్డులో ఫోటోను పెద్దది చేయించినట్లు ఉండాది. జుట్టు అంతా నెరిసిపోయినా, చెవులు అవే చెవులు. దండ వేసినా.

వాని భార్య పేరు కదిరమ్మ. అన్నా, నువ్వెవురు అని అడిగింది. బడిలో కలిసి చదువుకున్నామని చెప్పినా. ఆయప్ప బడికి పోయినాడని తెలుసు గాని, ఆ కాలం మాట ఎప్పుడూ ఎత్తేవాడు కాదు అనింది. అప్పుడు కేశవులు చెప్పినేది చెప్పినా. బావి, జుట్టు పట్టుకోని లాగింది, ఇంట్లో కొడతారని దాచింది, ఇప్పుడు బళ్లారిలో వాని పిల్లలూ, వాళ్ల పిల్లలూ. ఆయమ్మ ఏడవలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకోని వింటాండె. అయిపోయినాక లేచి పోయి, గూట్లోంచి ఫోను తెచ్చింది.

"మా అనుపమకు చేస్తా. బెంగుళూర్లో బట్టల ఫ్యాక్టరీలో ఉండాది. ఇప్పుడు దానికి అన్నం తినే టైము. మొదట్నుంచీ ఇంకోసారి చెప్పన్నా, నా బిడ్డ వినాల."

ఫోను నా చేతికిచ్చింది. చెప్పినా. ఈసారి ఇంకా నిదానంగా చెప్పినా. అవతల వెనక నుంచి మనుషుల గోల వినపడతాండె, తర్వాత ఆ పాప ఎక్కడికో పక్కకు పోయినట్లుంది, గోల తగ్గింది. మా నాయన మాకెవురికీ చెప్పలేదే అనింది. నాకూ చెప్పలేదమ్మా, మొన్ననే తెలిసింది అన్నా.

"నీ పేరేంది పెదనాయనా?"

"తిప్పేస్వామి."

 ఫోను పెట్టేసిందేమో అనుకోని చూసినా, పెట్టలేదు.  కదిరమ్మ దొడ్డి దిక్కు తిరిగి నిలబడింది. కొంచేపటికి పాప అడిగింది.

"అన్నం తిన్న్యావా పెదనాయనా?"

లేదమ్మా అన్నా. అమ్మకు ఫోను ఇయ్యి అనింది. వాళ్లమ్మతో ఏం చెప్పిందో తెలియదు. ఆయమ్మ ఊ, ఊ అని విని పెట్టేసి, పొయ్యి ముట్టించింది. జొన్నరొట్టె కాల్చి, ఊరుబిండి పచ్చడి నూరి, నా ముందర తట్ట పెట్టి, నేను తినేదాకా ఎదురుగా కూర్చునింది. తిని, చేయి కడుక్కోని, సాయంత్రం బస్సుకు వచ్చేసినా.

ఇంత పొడుగు జాబు నేనెప్పుడూ రాయలేదు. పోస్టు డబ్బా తీసే వేళయింది, ఇప్పుడే పోయి ఏసొస్తా. బావకు నమస్కారాలు, సుష్మితకు దీవెనలు.

ఇట్లు,
నీ తమ్ముడు,
చిన్న తిప్పేస్వామి