అత్తయ్య కంట్లో చుక్కలు

రేపల్లె

మరిది కృష్ణకాంత్‌కు,

ఫోన్‌లో అయితే అత్తయ్య వింటారని ఉత్తరం రాస్తున్నాను. మొక్కజొన్న ఆకు గీసుకున్న ఆవిడ కంటికి, తెనాలిలో నీ మెడికల్ షాపు నుంచి చుక్కల మందు పంపావు. వేయగానే నొప్పి తగ్గుతోందని నెలంతా వేసుకున్నారు. చూపు మసకబారితే నిన్న బాపట్ల కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

"ఇవి నొప్పి తెలియనివ్వవు గానీ, గాయాన్నీ మాననివ్వవమ్మా. నల్లగుడ్డు మీద పొర కరిగి పలచబడింది. ఎవరిచ్చారు?" అని అడిగింది డాక్టరమ్మ.

నేను నోరు తెరిచేలోపే, "నేనే కొనుక్కున్నానండి" అన్నారు అత్తయ్య.

మందు పేరు కూడా చదవలేని మనిషికి ఆ మాట ఎవరు నేర్పారు? డాక్టరు చీటీ ఉందన్నావే, అది పంపు.

ఈ ఉదయం నువ్వు ఫోన్‌లో ఆవిడకు ఏం చెప్పావో గానీ, కన్ను బాగైంది, ఇక బాపట్ల వద్దంటున్నారు. మంచి కన్ను మూయించి మూడు వేళ్లు చూపించాను.

"చెయ్యి ఎక్కడ పెట్టావమ్మా?" అన్నారు.

రేపు తీసుకెళ్తున్నాను.

మీ వదిన