జల్లెడలో మిగిలింది

శామీర్‌పేట మండలం,
12 జూన్ 1999

ప్రియమైన తమ్ముడు జనార్ధన్‌కు,

అక్క నర్సమ్మ దీవించి, కొడుకు యాదయ్యతో రాయిస్తున్నది. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉన్నది? లోకల్ రైలులో తలుపు దగ్గర నిలబడకు, ఎవరన్నా తోస్తే ఎవరిని అడుగుతాం? మరదలు సుక్కమ్మకు బీపీ దిగిందా? మామిడికాయ తొక్కు జోలికి పోవద్దని చెప్పు. అన్వేష్‌కు ఆయాసం మళ్ళీ రాలేదు కదా? సృజన అన్నం తింటున్నదా, ఇంకా కోడిపిల్ల లెక్కనే గింజలు ఏరుకుంటున్నదా? బొంబాయిలో వానలు మొదలైనవని రేడియోలో విన్నప్పటి నుంచి మీ ఇంటి గోడలే కండ్ల ముందు కనబడుతున్నాయి.

ఇక్కడ నేనూ నా కొడుకు యాదయ్యా బాగానే ఉన్నాం. బాగున్నామని రాస్తే దిష్టి తగులుతుంది, ఏదో ఉన్నామని చదువుకో.

ఒక సంగతి చెప్పాలె. దిగువ మడి అమ్మేశాం. మీ బావ వేయించిన బోరు ఎండిపోయినప్పటి నుంచి అక్కడ గడ్డి కూడా మొలవడం లేదు. కౌకూర్ భూముల దలారి ఒకడు వచ్చి రెండు లక్షలు ఇస్తానన్నాడు. ఎండిన బోరు మడికి అంత ధర ఎందుకని నాకు గుబులు పట్టుకున్నది. యాదయ్యను అడిగితే, "ఇచ్చెటోడు ఇయ్యంగ ఎందుకిస్తున్నవని ఎవలన్న అడుగుతరానే అమ్మా?" అన్నాడు. పక్క మడి జలీల్ కూడా నవ్వాడు. "నర్సక్కా, నీకు పైసలు రాకుంటే పరేషాన్, ఒస్తే ఇంకా పరేషాన్," అన్నాడు.

ఆ పైసలు ఎక్కడ పెట్టాలో తెలుస్తలేదు. మేడ్చల్‌లో ఒక ఫైనాన్సు కంపెనీ వాడు తాళం వేసుకుని పారిపోయాడు. ఇంట్లో పెడితే దొంగలు, యాదయ్య చేతిలో పెడితే మోటారు సైకిలు. నువ్వు ఇన్నేండ్లుగా షేర్ల ఆఫీసులో లెక్కలు రాస్తున్నావు కదా. డ్రాఫ్టు నీకే పంపుతున్నాను. ఎగువ ఎకరం, రెండు బర్రెలు, ఈ పైసలు. మాకున్నది ఇంతే తమ్ముడూ. జర చూసి పెట్టు.

నీ మేలు కోరే అక్క,
నర్సమ్మ

---

బొంబాయి,
28 జూన్ 1999

ప్రియమైన అక్కకు,

తమ్ముడు జనార్ధన్ దండం పెట్టి రాసేది. అందరం కుశలం. డ్రాఫ్టు అందింది. నువ్వు భయపడకు, అమ్మ పోయిన తర్వాత నాకు అన్నం కలిపి పెట్టిన చేతుల పైసలు ఇవి. నేను జూదం ఆడను.

ఇక్కడ అందరూ కంప్యూటర్ కంపెనీల వెనుక పరుగెత్తుతున్నారు. వాటికి పేరుంది, ధర ఉంది, చేతిలో పైస లేదు. నేను చేసే పని వేరు. కంపెనీలను జల్లెడ పడతాను. నీకు అర్థమయ్యేట్టు చెప్తాను. మొదటి జల్లెడ ధరది. కంపెనీకున్న భూమి, మిషన్లు, సరుకు అన్నీ అమ్మి అప్పులు కడితే ఎంత మిగులుతుందో, షేరు దానికంటే చవకగా దొరకాలి. రెండోది అప్పుది. మోయలేని అప్పు ఉంటే కింద రాలిపోవాలి. మూడోది నగదుది. అన్నిటికంటే సన్న జల్లెడ అదే.

నువ్వు హోటలుకు ఉద్దెర మీద పాలు పోస్తే, పుస్తకంలో లాభమే కనబడుతుంది. కానీ దాణా కొనడానికి ఆ లాభం పనికిరాదు. పాలకేంద్రం వాళ్ళు వారం వారం చేతిలో పెడతారే, అది నగదు. లాభాన్ని ఎట్లయినా రాసుకోవచ్చు. నగదు రాసుకుంటే రాదు, వస్తేనే వస్తుంది. ఖర్చులన్నీ పోను ఏటేటా నగదు మిగిల్చే కంపెనీలు వందల్లో నాలుగైదు ఉంటాయి.

వాటిలో ఒకటి మీ ఊరి పక్కనే ఉందక్కా! రోడ్డు మీది మందుల పొడి ఫ్యాక్టరీ. మూడు జల్లెళ్ళలోనూ నిలిచింది. అయినా కాగితం వెనుక ఏముందో ఇక్కడ కూర్చుంటే కనబడదు. నువ్వు ఒక కన్నేసి రాయి. లారీలు పోతున్నాయా, జీతాలు తారీఖుకు ఇస్తున్నారా, గేటు దగ్గర లొల్లి ఏమన్నా ఉందా?

నీ తమ్ముడు,
జనార్ధన్

---

శామీర్‌పేట మండలం,
5 డిసెంబర్ 1999

ప్రియమైన తమ్ముడికి,

నీ మోకాలు, మరదలి బీపీ, అన్వేష్ ఆయాసం, సృజన తిండి ఎట్లా ఉన్నాయో నాలుగు ముక్కలు రాయి. పోయిన ఉత్తరంలో "అందరం కుశలం" అని ఒక్క మాటలో కొట్టేశావు. ఏదో దాస్తున్నావని నాకు అనుమానం.

నువ్వు చెప్పిన పని చేస్తున్నాను. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా గౌరయ్య చాయ్ హోటల్ ఉన్నది. పాలు పోసి వచ్చేటప్పుడు అక్కడ బల్ల మీద కూర్చుంటున్నాను. "ఏందక్కా, కంపెనీల నౌకరి దొరికిందా? నాగా లేకుండ హాజరేస్తున్నవ్," అని గౌరయ్య ఆట పట్టిస్తున్నాడు. నవ్వితే నవ్వనీ. నా తమ్ముడు నన్ను ఒక పనికి పెట్టాడని నాకు లోపల సంబరమే.

లారీలు నిండుగా పోతున్నాయి. జీతాలు తప్పడం లేదు. లొల్లి లేదు. కానీ ఒకటి చూశాను. ఇదివరకు కంపెనీలోని నల్లనీళ్ళు మోసుకుని ట్యాంకర్లు రోజూ దూరం పోయేవి. దసరా నుంచి ఒక్కటీ పోతలేదు. డ్రైవర్ల చాయ్ గిరాకి పోయిందని గౌరయ్య ఏడుస్తున్నాడు. పొడి ఎక్కువ చేస్తుంటే మురికి నీళ్ళు తక్కువ ఎట్లా అయితాయి? మనం అమ్మిన మడి చుట్టూ గోడ కట్టారు. లోపల ఎండిన బోరు మీద రేకుల షెడ్డు వేశారు. ఎండిన బోరుకు షెడ్డు ఎందుకు తమ్ముడూ?

నీ జల్లెళ్ళ సంగతి యాదయ్యతో చదివించుకుని మళ్ళీ మళ్ళీ విన్నాను. మంచిగున్నది. కానీ మన ఇంట్లో బియ్యం జల్లించేటప్పుడు చూడలేదా? గింజంత రాయి ఉంటే జల్లెడ దాన్ని గింజ అనుకుంటుంది. అందుకే జల్లించినాక కూడా చాటలో పోసి వెలుతురులో కంటితో ఏరుతాం.

నీ అక్క,
నర్సమ్మ

---

బొంబాయి,
17 సెప్టెంబర్ 2000

ప్రియమైన అక్కకు,

ఆలస్యానికి కోపం చేయకు. కంప్యూటర్ షేర్లు నేల మీద పడ్డాయి. నన్ను చూసి నవ్వినవాళ్ళు ఇప్పుడు నా బల్ల దగ్గర నిలబడి, "జనార్ధన్ భాయ్, నీ దగ్గర ఏమున్నాయి?" అని అడుగుతున్నారు. మన పొడి కంపెనీ చెక్కుచెదరలేదు. ఏడాది లెక్కల పుస్తకం వచ్చింది. నగదు నిరుటికంటే మస్తు పెరిగింది. ఎందుకో తెలుసా? మురుగునీళ్ళు మోయించే ఖర్చు దాదాపు లేకుండా పోయింది. నువ్వు రాసిన ట్యాంకర్ల ముచ్చటే అది! ఆ ఉత్తరం చదివిన నాడే లెక్క కట్టి, నీ పేరు మీద మిగిలిన పైసలు కూడా దాంట్లోనే పెట్టాను. నా పైసలూ పెట్టాను.

షెడ్డు గురించి మనసు పాడు చేసుకోకు. వాళ్ళు కొన్న మడి, వాళ్ళ ఇష్టం. నీకు చిన్నప్పటి నుంచి నిప్పు లేకుండానే పొగ కనబడుతుంది.

నీ తమ్ముడు,
జనార్ధన్

---

శామీర్‌పేట మండలం,
20 ఏప్రిల్ 2001

ప్రియమైన తమ్ముడికి,

అందరూ ఎట్లా ఉన్నారు? ముందుగా అది రాయించకుండా నా ఉత్తరం కదలదు. మరదలు, పిల్లలు, నీ మోకాలు అన్నీ మంచిగుండాలె.

ఇక్కడ నీళ్ళు మారాయి. ఎగువ ఎకరంలోని బోరు నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి. కాసేపు ఉంచితే మీద నూనె తేలినట్టు మెరుస్తున్నాయి. అన్నం వండితే పసుపు వేసినట్టు ఉంటున్నది, మందు గోలీల వాసన కొడుతున్నది. బర్రెలు మూతి పెట్టి వెనక్కి తిరుగుతున్నాయి. దూడ చచ్చిపోయింది. జలీల్ ఇంట్లో ఇంకా ఘోరం. ఆయన బోరు ఆ గోడ పక్కనే కదా. బిడ్డ అల్మాస్ చేతుల నిండా పొక్కులు లేచాయి. వాళ్ళమ్మ షహర్ బాను వేపాకు నూరి పూస్తున్నది.

జలీల్ గోడ ఎక్కి చూసి వచ్చాడు. నా అరుగు మీద కూర్చుని చేతుల దుమ్ము దులుపుకున్నాడు. తర్వాత, "నర్సక్కా, కంపెనీ నుంచి పైపేసిండ్రు. నల్లనీళ్ళన్ని మీ పాత బోర్ల పోస్తున్నరు. కింద మన అందరి నీళ్ళు ఒక్కటే గదా," అన్నాడు. ఆ దలారి కంపెనీ మనిషేనట. ఎండిన బోరు కోసమే కొన్నారట తమ్ముడూ. మీ బావ చెమట పోసి వేయించిన బోరది.

ఊరంతా కలిసి కలెక్టరుకు అర్జీ పెడదామని జలీల్ అంటున్నాడు. మడి అమ్మింది నేను కాబట్టి ముందు నా సంతకం కావాలన్నాడు. మన షేర్లు ఉన్న కంపెనీ మీద నేనే సంతకం పెట్టవచ్చా? పెడితే మన పైసలు ఏమవుతాయి? పెట్టకపోతే ఈ నీళ్ళు ఏమవుతాయి? నాకు అన్నం సహించడం లేదు. నువ్వు ఏం చెప్తే అది చేస్తాను. జల్దీ జవాబు రాయి.

నీ అక్క,
నర్సమ్మ

---

బొంబాయి,
2 మే 2001

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చూసి బాధ కలిగింది. తొందరపడి అర్జీలు పెట్టకండి. కంపెనీ పెద్ద మేనేజరు మా ఆఫీసుకు తెలిసినవాడే. నేను రాసి ఆ పైపు తీయిస్తాను. కాగితం కలెక్టరు దాకా పోతే వాళ్ళు మొండికేస్తారు, పని చెడుతుంది. జలీల్ భాయ్‌ని ఒక్క నెల ఆగమను. నా తమ్ముడు చూసుకుంటాడని చెప్పు. నీ మాట అంటే అతనికి గౌరవం, ఆగుతాడు. అప్పటిదాకా నీళ్ళు కాచి తాగండి.

నీ తమ్ముడు,
జనార్ధన్

---

బొంబాయి,
14 జూలై 2001

ప్రియమైన అక్కకు,

పేపర్లో చూశాను, ఫ్యాక్టరీకి తాళం పడింది. షేరు ధర పాతాళానికి పోయింది. నువ్వు గుండె పట్టుకుని కూర్చుని ఉంటావని తెలుసు. అందుకే ముందు శుభవార్త చెప్తాను. మన దగ్గర ఇప్పుడు ఆ షేరు ఒక్కటి కూడా లేదు!

నీ ఏప్రిల్ ఉత్తరం చేరిన తెల్లవారే అమ్మడం మొదలుపెట్టాను. ఒక్కసారిగా అమ్మితే ధర పడిపోతుంది, కొద్దికొద్దిగా వదలాలి. అర్జీ సంగతి బయటికి పొక్కితే కొనేవాడు ఉండడు. అందుకే జలీల్ భాయ్‌ని నెల ఆపమన్నాను. మేనేజరుకు రాసే అవసరమే పడలేదు. నీది ముందు అమ్మి, నాది తర్వాత అమ్మాను. నీ రెండు లక్షలు మూడున్నర అయ్యాయి. డ్రాఫ్టు జతచేశాను. మా ఆఫీసులో అందరూ మునిగారు, మనం ఒడ్డున పడ్డాం. ఇన్నాళ్ళూ నీ భయాన్ని చూసి నవ్వాను. అదే మనకు నాలుగో జల్లెడ అయిందక్కా.

ఆగస్టులో అందరం వస్తాం. సృజన మీ బర్రె పాల మీగడ తినాలని ఒకటే గోల. ఏ రోజు రావాలో నువ్వే చెప్పు.

నీ తమ్ముడు,
జనార్ధన్

---

శామీర్‌పేట మండలం,
6 ఆగస్టు 2001

ప్రియమైన తమ్ముడు జనార్ధన్‌కు,

ఈసారి మీ క్షేమం అడగను. మీరు బాగున్నారని నీ ఉత్తరంలోనే తెలిసింది. మా క్షేమం వరుసగా రాస్తాను, చదువుకో.

నా బర్రె ఒకటి చచ్చిపోయింది. రెండోదానికి పాలు ఎండిపోయాయి, మీగడ లేదు. జలీల్‌వి మూడు పాడి బర్రెలు పోయాయి. అల్మాస్ చేతి పొక్కులు పుండ్లయి, సికింద్రాబాద్ పెద్ద దవాఖానలో ఉన్నది. వేళ్ళు మడవలేకపోతున్నది. రెండు వేళ్ళు తీసేయాలో వద్దో ఇంకా చెప్పలేమని డాక్టరు అన్నాడట. "మొదట్లనే ఆ నీళ్ళు మాన్పిస్తే ఇంత కాకపోవు," అని కూడా అన్నాడట.

నువ్వు ఆగమన్న నెలలో జలీల్ రోజూ పొద్దున వచ్చి, "తమ్ముడు ఏమన్న రాసిండా నర్సక్కా?" అని అడిగేవాడు. "నా తమ్ముడు బొంబాయిలో పెద్దోళ్ళతో మాట్లాడుతుండు, ఓపిక పట్టు," అని చెప్పేదాన్ని. గర్వంగా కూడా చెప్పేదాన్ని. సరేనని పోయి, ఆ బోరు నీళ్ళే కాచి పిల్లకు తాగించారు, స్నానం చేయించారు. గోలీల పొడి కాస్తే పోతుందా తమ్ముడూ? మూడో బర్రె పడిన రోజు జలీల్ ఇగ నన్ను అడగలేదు. దాన్ని బండి మీద వేసుకుని పోయి కంపెనీ గేటుకు అడ్డంగా పడేశాడు. గౌరయ్య హోటల్ మూసి పక్కన కూర్చున్నాడు. తర్వాత ఊరంతా కూర్చున్నది. అధికారులు వచ్చి తాళం వేశారు.

నీ ఉత్తరం యాదయ్య పైకే చదివాడు. నాలుగో జల్లెడ అన్న చోటు దాటినాక మిగిలింది గబగబా చదివి, కాగితం నా ఒడిలో పడేశాడు. నాకు ఒకసారి వింటే అర్థం కాదు కదా, మళ్ళీ చదవమన్నాను. "నాకు చేతగాదే అమ్మా," అని బయటికి పోయాడు.

డ్రాఫ్టు మార్చి, కొంత పట్టుకుని జలీల్ ఇంటికి పోయాను. ఆయన దవాఖానలో ఉన్నాడు. షహర్ బాను గడపలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు. జరిగింది చెప్పాను. నా తమ్ముడు అబద్ధం చెప్పాడని నాకు తెలియదమ్మా అన్నాను. "మా ఆయన నీ తమ్ముని మాట ఇనలే నర్సక్కా. నీ మాట ఇన్నడు. పైసలు తీస్కపో," అన్నది. అరవలేదు. అరిస్తే బాగుండు.

ఆ పైసలతో యాదయ్య ఇంటి వెనుక కొత్త బోరు వేయించాడు. లోతుకు పోతే మంచి నీళ్ళు పడతాయని బోరు బండి వాళ్ళు అన్నారు. నీళ్ళు పడ్డాయి. ఎర్రగానే పడ్డాయి. ఇప్పుడు పంచాయితీ ట్యాంకరు కోసం బిందె పెట్టుకుని నిలబడుతున్నాం. వరుసలో నా వెనుక ఎవరూ నిలబడరు, కొంచెం ఎడం ఇచ్చి నిలబడుతున్నారు.

నీ మీద నాకు కోపం ఎందుకో సరిగా చెప్పలేను. చదువుకున్నదాన్ని కాదు. నువ్వు నా పైసలు పోగొడతావేమోనని రెండేండ్లు భయపడ్డాను. అన్నిటికీ భయపడేదాన్ని, నీకు భయపడాలని మాత్రం తోచలేదు. కంపెనీ వాళ్ళు ఖర్చు తగ్గించుకోవడానికి మా బోరును వాడారు. ధర తగ్గకుండా ఉండడానికి నువ్వు నా నోరు వాడావు. చిన్నప్పుడు నీకు అన్నంలో రాయి తగలొద్దని ఒక్కొక్క గింజ చూసి వండేదాన్ని.

రమ్మనక మానను, నా తోడబుట్టినవాడివి. మరదలిని తేవద్దు. సృజనను, అన్వేష్‌ను అసలే తేవద్దు. వాళ్ళకు ఇక్కడి నీళ్ళు తగిలితే నేను బతకను. నువ్వు ఒక్కడివే రా. నీళ్ళ సీసా తెచ్చుకోకు. రైలు దిగి నేరుగా నా ఇంటికి కాదు, జలీల్ ఇంటికి పోదాం, నేను బస్సు దగ్గర నిలబడి ఉంటాను. ఆ నెల రోజులు ఎందుకు ఆగమన్నావో నీ నోటితో షహర్ బానుకు చెప్పు. ఆమె గడపలో నిలబెట్టినా, నీళ్ళు ఇచ్చినా, ఇచ్చినవి తాగి రా. అల్మాస్‌ను ఈ నెల పద్దెనిమిది, శనివారం ఇంటికి పంపుతామన్నారు. నువ్వు ఆ తెల్లవారి రా, ఆగస్టు పంతొమ్మిది, ఆదివారం.

నర్సమ్మ