గంట నాలుక

మార్చి 4
ఎడిటర్ గారు ఫోన్ చేశారు. నా ఆరో పుస్తకం నలుగురు పిల్లల చేత చదివించారట. నలుగురూ నాలుగో పేజీకే దొంగని పట్టేశారట. ఇరవై ఐదో తారీకులోగా మార్చివ్వాలి, లేదంటే డిటెక్టివ్ తొండ ఐదు పుస్తకాలతో రిటైరైనట్టే అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకే నవ్వు రాలేదు.

మార్చి 5, మధ్యాహ్నం రెండు
షాపులో కస్టమర్లు లేరు. కళ్ళజోళ్ళన్నీ తుడిచేసి కౌంటర్ వెనక కూర్చున్నాను. కథలో అడవి బడి గంట మాయమైంది. దొంగ ఉడుత. మా తొండ ఎవరేం చెప్పినా తలూపుతుంది. ఆ ఊపుడు చూసి వాళ్ళు ఇంకాస్త వాగి దొరికిపోతారు. ఈసారి ఉడుత నోరు తెరవగానే దొరికిపోతోంది. గంటసేపు పెన్ను నమిలాను.

మార్చి 9
ఏమీ తోచలేదు.

మార్చి 11
నా కాగితాలు ఎవరో చదువుతున్నారు. వరస తప్పింది. ఏడో పేజీ మీద టీ మరక. మా ఆయన్ని అడిగితే, స్పోర్ట్స్ పేజీ తప్ప ఇంకేం చదవనని ఒట్టేశారు. ఇక మిగిలింది అత్తయ్య. ఇన్నేళ్ళలో నా పుస్తకం ముట్టుకోని మనిషి. ఎవరైనా అడిగితే మా కోడలు బల్లుల కథలు రాస్తుందని చెప్తారు.

మార్చి 12
అత్తయ్యే. నేను అడగకముందే బయటపడ్డారు. బట్టలు మడతపెడుతూ, అంత గంటని ఉడుత ఎలా మోస్తుందే అన్నారు. ఒళ్ళు మండింది. తొండ టోపీ పెట్టుకుంటే లేని అభ్యంతరం దీనికెందుకన్నాను. టోపీ ఎవరైనా పెట్టుకోవచ్చు, బరువు బరువే అన్నారు.

ఆవిడ చెప్పింది నిజం. అదే నా బాధ.

మార్చి 15, సాయంత్రం
ఇది మర్చిపోకుండా రాసుకోవాలి.

బాల్కనీలో చొక్కాకి గుండీ కుడుతూ అత్తయ్య ఉన్నట్టుండి అన్నారు, గంట మోసుకుపోనక్కర్లేదు, లోపల వేలాడే దాని నాలుక తీసేస్తే చాలు, ఇక మోగదు అని. మీకెలా తెలుసన్నాను. దారం తెంపి, సూది దిండుకి గుచ్చి, అప్పుడు చెప్పారు.

అత్తయ్య ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లల వార్డులో నర్సు. విజిటర్స్ వెళ్ళిపోవాలని మధ్యాహ్నం గంట కొట్టేవారట. అప్పుడే కునుకు పట్టిన పిల్లలు ఉలిక్కిపడి లేచి ఒకటే ఏడుపు. పెద్ద డాక్టరుకి మూడుసార్లు చెప్పారట. రూల్ రూలే అన్నాడట ఆయన. ఒకరోజు ఎవరూ చూడకుండా నాలుక విప్పి కోటు జేబులో వేసుకున్నారట. వారం రోజులు పిల్లలు హాయిగా నిద్రపోయారట.

ఎవరినీ అనుమానించలేదా అన్నాను.

పొద్దున గంట తుడిచింది ఆయా కాబట్టి ఆమెని అందరూ దొంగని చూసినట్టు చూశారట. అది తట్టుకోలేక ఈవిడ నాలుక మళ్ళీ బిగించేశారు. కానీ తనే తీశానని చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం. మామయ్యగారికి కూడా చెప్పలేదట.

నేను తలూపుతూ కూర్చున్నాను, అచ్చం మా తొండలాగా.

మార్చి 16
రాయొచ్చా అని అడిగాను. కాకి పేరు మీద రాయి, నా పేరు మీద వద్దన్నారు.

మార్చి 23
అయిపోయింది. గూట్లో పిల్లలకి నిద్ర లేదని కాకి గంట నాలుక తీసేస్తుంది. నింద ఉడుత మీద పడుతుంది. తొండ పట్టుకోకముందే కాకి తనే వెళ్ళి ఉడుతతో నిజం చెప్పేస్తుంది. అత్తయ్యకి చదివి వినిపించాను. బాగుందనలేదు. ఆ చివరి పేజీ ఇంకోసారి చదవమన్నారు.

ఏప్రిల్ 2
ఈసారి నలుగురిలో ఒక్కరూ దొంగని పట్టలేకపోయారట. ఒకమ్మాయి మాత్రం కాకిని ఎవరూ తిట్టొద్దని కాగితం మీద రాసిచ్చిందట. తొండకి ఇంకా సర్వీసుంది. షాపులో అందరికీ టీ చెప్పాను.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య సంతోషపడ్డారు. తర్వాత ఎవరెవరికో ఫోన్లు చేసి ఆయా ఇప్పుడెక్కడుంటుందో కనుక్కున్నారు.

ఏప్రిల్ 6
అత్తయ్య పొద్దున్నే బస్సెక్కి ఆయా దగ్గరికి వెళ్ళి సాయంత్రానికి వచ్చేశారు. చెప్పారా అన్నాను. చెప్పారట.

ఆరోజే తెలుసందట ఆయా. కోటు జేబు అంత బరువుగా వేలాడుతుంటే కనపడదా అమ్మా, పిల్లలు పడుకున్నారు కదా అని నేనే ఊరుకున్నా అందట.