మైకు టెస్టింగ్‌లో అనిపించిన మాట

చిరంజీవి తమ్ముడు జగదీష్‌కు, అక్క కృపావతి ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ అందరం కులాసాగా ఉన్నాం. అలవాటుకొద్దీ రాసేశాననుకోకు, ఈసారి నిదానంగా చదువు. అమ్మ బాగుంది. మోకాళ్ళ నొప్పులు తగ్గి, డుంబ్రిగుడ సంతకు నడిచే వెళ్ళొస్తోంది. మంగ్లు వాళ్ళమ్మ కనక బాగుంది. చిట్టి వాళ్ళ అమ్మా నాన్నా పొద్దున్నే కాఫీ తోటకు పోతూ నన్ను పలకరించి మరీ వెళ్ళారు. నువ్వూ విశాఖపట్నంలో క్షేమమని తలుస్తాను.

బస్సు డ్రైవరు చేత నువ్వు పంపిన ఉత్తరం అందింది. ఎప్పుడు చేసినా నీ ఫోను స్విచ్ ఆఫ్ అనే వస్తోంది కాబట్టి నేనూ ఇది ఆయన చేతికే ఇస్తున్నాను. నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్తాను.

పిల్లలు నోటి వాయిద్యం, అదే నీ బీట్‌బాక్సింగ్, ప్రాక్టీసు చేస్తున్నారా అన్నావు. నువ్వు వెళ్ళాక కూడా బాగానే చేశారు. నేను పాఠం చెప్తుంటే వెనక వరసలోంచి "బూం, ట్స్, క" అని మొదలయ్యేది. ఎవర్రా అంటే అందరూ బుద్ధిగా నోళ్ళు మూసుకునేవారు, చప్పుడు మాత్రం ఆగేది కాదు. మూసిన నోటితో కూడా చేయొచ్చని నువ్వే నేర్పావట, నీ పుణ్యం. ఒకరోజు చిట్టి కుక్కరు కూత కూస్తే వంటావిడ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఇక మంగ్లు, కిరండూల్ రైలు సొరంగంలో దూరే చప్పుడు చేస్తే నాకే ఒళ్ళు జలదరించేది. ఇదంతా పోయిన నెల మాట. ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.

నువ్వు మొదటిసారి స్పీకరు భుజాన వేసుకుని దిగినప్పుడు ఊళ్ళో ఎంత నవ్వారో గుర్తుందా? "నోటితో డోలు కొట్టడమేటి, దానికో మాస్టారేటి" అన్నారు. ఇంటింటికీ తిరిగి ఒప్పించింది నేను. మా తమ్ముడు, ఈ ఊరి గుంటడే, పరాయివాడు కాదు అని చెప్పుకొచ్చాను. కనకైతే ఎక్కువ మాట్లాడించలేదు. "నీ తమ్ముడంటే నాకూ తమ్ముడే గదా టీచరమ్మా. ఆడికి నేర్పమను" అంది.

నువ్వు బాగానే నేర్పావు, కాదనను. చోడి చేలో పిట్టల్ని తోలే కూతల్లోంచి, థింసా ఆట డోలు దెబ్బల్లోంచి ఆ విద్య ఎలా తియ్యాలో వాళ్ళకు చూపించావు. మంగ్లుకి నలుగురి ముందు పేరు అడిగితే నోరు పెగిలేది కాదు. అలాంటివాడి పొట్ట మీద చెయ్యి పెట్టి, "ఊపిరి ఇక్కణ్ణించి తియ్యరా" అని నువ్వు ఓపిగ్గా చెప్తుంటే, వీడికింత ఓపిక ఎప్పుడొచ్చిందా అని మురిసిపోయాను. అందుకే విశాఖలో పోటీ ఉందని నువ్వు పిల్లల్ని తీసుకెళ్తానంటే మారు మాట అడగకుండా బస్సెక్కించాను.

ఇప్పుడు సంతలో జరిగింది చెప్తాను. కనక చింతపండు అమ్ముకుని వస్తుంటే, ఫోన్ల కొట్టు సాయికుమార్ పిలిచి "ఇదిగో, మీ మంగ్లు వీడియోలో ఉన్నాడు" అని చూపించాడు. సంతోషంగానే చూపించాడు పాపం. ముందు రైలు చప్పుడు వచ్చింది. సంతంతా మూగింది. తరవాత మంగ్లు ముఖం దగ్గరగా వచ్చింది. "నాకు అమ్మ లేదు. అయ్యా లేడు. మాస్టారే నాకు అన్నీ" అన్నాడు. వెనకాల ఏడుపు సంగీతం. తల మీద తట్టతో కనక అక్కడే నిలబడి ఉంది. జనం ఫోను మానేసి ఆమెను చూశారు. "ఇంకోపాలి ఎయ్యి బాబూ, నాకు సరిగ్గా ఇనబళ్ళేదు" అంది.

వాణ్ణి కూర్చోబెట్టి నేనే అడిగాను. "మాస్టారు మైకు టెస్టింగన్నాడు టీచరమ్మా. ఏదో ఒకటి మాటాడాల, ఈ మాటనెయ్యి అన్నాడు. టెస్టింగులో అన్నది లెక్కలోకి రాదన్నాడు" అని చెప్పాడు. నువ్వు చెప్పావు కాబట్టి అన్నాడు. నువ్వు నోట్లో మన్ను పోసుకోమన్నా పోసుకునేవాడు.

మన ఊరి కట్టు నీకు కొత్త కాదు. మంగ్లు అయ్య పోయిన మాట నిజమే, కానీ తల్లి బతికుంది. బతికున్న మనిషిని లేదని నోటితో అంటే, ఆ మాట విన్నవాళ్ళందరి ముందూ దాన్ని వెనక్కి తీసుకోవాలి. అప్పటిదాకా ఆ మనిషి చేత్తో పెట్టిన కూడు, ఆ మాట అన్నవాడు తినకూడదు. పెద్దలు కూర్చున్నారు. బుధు తాత "ఎంతమంది ఇన్నారు?" అని అడిగాడు. సాయికుమార్ ఫోను చూసి "లచ్చల్లో ఉన్నారు తాతా" అన్నాడు. "అంతమందిని ఎక్కడ కూకోబెడతాం?" అని ఎవరో అంటే కొందరు నవ్వారు. తాత నవ్వలేదు. "గుంటడిదేటి తప్పు? అనిపించినోడిది ఆ మాట. ఆడే రావాల. ఈ తల్లి పక్కన నిలబడి, అదే ఫోన్లో, నాను అబద్దమాడించానని సెప్పాల" అన్నాడు.

అప్పట్నుంచీ కనక వండుతుంది, పక్కింటావిడ వడ్డిస్తుంది. మొన్న వాడికి జ్వరం వచ్చింది. కనక జావ కాచి నాకు కబురు పెట్టింది. నేను వాడి తల ఒళ్ళో పెట్టుకుని తాగిస్తుంటే ఆమె గుమ్మం అవతల కూర్చుని చూస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. బి.ఎడ్. చదివినదాన్ని కదా, "ఇవన్నీ ఏమిటి, నువ్వే తాగించు" అన్నాను. "నీకేటి, నువ్వు సదువుకున్నావు. నా సేత్తో తిని ఆడికేటైనా అయితే?" అంది. మిగిలిన జావ కూడా నేనే తాగించాను.

ఫైనల్సుకి పిల్లల్ని బేగి పంపమన్నావు. కొత్త బట్టలు వద్దు, పాతవి, కాస్త చిరిగినవి వెయ్యమన్నావు. మొదట అర్థం కాలేదు. ఇప్పుడైంది. పంపను. పిల్లలకున్న విద్య నీకు చాల్లేదు. వాళ్ళు దిక్కులేనివాళ్ళయితే తప్ప జనం చూడరని ఎవరు చెప్పారు నీకు? రైలు చప్పుడు విన్న సంతంతా ఏ ఏడుపు సంగీతం లేకుండానే మూగింది కదా. నువ్వు నన్ను మోసం చేశావు. నా మాట మీద నమ్మిన ఆడవాళ్ళను నా చేతే మోసం చేయించావు. రోజూ కనక ఇంటి ముందు నుంచే బడికి వెళ్ళాలి నేను. ఆమె నన్ను ఒక్క మాట అనదు. అంటే బాగుండును.

అమ్మ కందిపొడి అడిగావు. కొట్టి డబ్బాకెత్తింది. కానీ ఈ బస్సుకు పంపడం లేదు, ఎందుకో చెప్పాలి.

అమ్మకు ఆ వీడియో చూపించవద్దని అడుగున చిన్న అక్షరాల్లో రాశావు. కనక చూసినంతవరకే నేనూ అప్పటికి చూశాను. నీ ఉత్తరం చదివాక, ఇంకా ఏముందోనని చివరిదాకా చూశాను. అక్కడ నువ్వున్నావు. "మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నా అన్నవాళ్ళు లేరు. అందుకే ఈ పిల్లల్ని చేరదీశాను" అంటూ కళ్ళు తుడుచుకున్నావు. ఊరి కట్టు ప్రకారం అమ్మ చేత్తో డబ్బాకెత్తిన పొడి నువ్వూ తినకూడదు మరి. కొన్నాళ్ళు కడుపులో దాచుకున్నాను. తమ్ముడివి కదా. ఒకరోజు అమ్మ డబ్బాకు గుడ్డ కడుతూ, "నా కొడుకుని ఊరంతా తిడతన్నారు, ఆడు అంతటోడు కాడే" అని కనక మీదే కోప్పడింది. అప్పుడు నేను ఆగలేకపోయాను. ఫోను ఆమె చేతిలో పెట్టాను. ఎవరూ చెప్పలేదు, నేనే చూపించాను. నువ్వు నన్ను తిట్టుకోవచ్చు.

అమ్మ చివరిదాకా చూసింది. కొంగుతో ఫోను అద్దం తుడిచి, నీ ముఖం కేసి వంగి, "నిజంగానే ఏడుత్తన్నాడే కృపా" అంది. నా వైపు తిరిగి అడిగింది, "నాను నిజంగా పోయిననాడు, ఆడు ఈపాటి ఏడుత్తాడా?"

ఏం చెప్పను? నువ్వే వచ్చి చెప్పు.

ఇట్లు,
నీకు లేని అక్క,
కృపావతి