కునిక్ ఊపిరి

బుకిత్తింగి,
నవంబరు 18, మంగళవారం.

గౌరవనీయులైన నా భర్త ఉడా జుల్ఫెంద్రికి,

అస్సలాము అలైకుమ్. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. సముద్రం మీద మీరూ మీతోటివాళ్ళూ చల్లగా ఉండాలని ఐదు పూటలా దువా చేస్తున్నాను. మీ ఓడలో పనికి చేరబోతున్న అస్రిల్ రేపు బయల్దేరుతున్నాడని తెలిసి, రెందాంగ్ మాంసం కూర డబ్బాతో పాటు ఈ ఉత్తరం కూడా అతని చేతికిస్తున్నాను. ఫోన్లో మాట్లాడదామంటే మీ వెనక పదిమంది వరసలో నిలబడి ఉంటారు. ఉన్న ఆ కాస్త సేపూ మీ కొండచిలువ కునిక్ కబుర్లకే సరిపోతుంది.

దాని సంగతి మొదటినుంచీ చెబుతాను. మీరు వెళ్ళాక కునిక్ పెట్టెను వెనక గదిలోంచి తెచ్చి వీధి కిటికీ దగ్గర పెట్టాను. దారి కనబడుతుంటే దానికి మీ మీద బెంగ తగ్గుతుందనుకున్నాను. వానలు మొదలయ్యాక దాని ముక్కులోంచి సన్నగా ఈల వినిపించింది. కుబుసం విడిచే ముందు పాత పొర ముక్కుకు అడ్డుపడి అలా మోగుతుందని, కంగారు పడొద్దని మీరే చెప్పారుగా, ఊరుకున్నాను. కుబుసం శుభ్రంగా ఊడింది. ఈల మాత్రం పోలేదు, పైగా గురక తోడైంది. తల నిట్టనిలువుగా ఎత్తి, నోరు తెరిచి, గంటలకొద్దీ అలాగే ఉండిపోయేది. ఎలుకను పెడితే ముట్టలేదు.

అమ్మ చూసి, బాగుంది సంబడం, మొగుడేమో ఓడెక్కాడు, వాడి పామేమో పైకప్పుకేసి చూస్తోంది, దాన్ని నువ్వు చూస్తూ కూచున్నావు, అంది. ఇంటల్లుడంటే చెట్టు మొద్దు మీద బూడిద, గాలొస్తే నిలవదని మన పెద్దలు ఊరికే అనలేదే పిల్లా, అని కూడా అంది. నాకు నవ్వు రాలేదు.

బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. పాముకు మనలా దగ్గడం చేతకాదట. లోపల కఫం పేరుకుంటే, ఊపిరాడక అలా తలెత్తుతుందట. ఎక్కడుంచావమ్మా అని అడిగితే చెప్పాను. ఆవిడ పకపకా నవ్వి, పాముకి బెంగేంటి తల్లీ, కిటికీ చలి కొట్టింది దీనికి, ఒళ్ళు వెచ్చగా ఉంటే చాలు, ఎవరున్నా లేకపోయినా దానికొకటే, అంది. ఆ మాటకి నాకు పాము మీద అసూయ కలిగింది. ఆవిడ సూదిమందు వేసింది. నేను పెట్టెను వంటింటి పక్కకి మార్చి, పైన వేడి దీపం బిగించాను.

ఆ తర్వాతదంతా మీకు తెలిసిందే. నెలకోసారి మోగే ఫోను రోజూ మోగింది. ఏదీ, దాని ముక్కు దగ్గర పెట్టు, వింటాను, అనేవారు. మొన్న విని, ఇంకా గరగరమంటోంది యుస్, ఛాతీలో ఏదో అడ్డుపడింది, అన్నారు. అది కోలుకుంటే నిశ్చింతగా ఇంకో ఏడాదికి సంతకం పెట్టేస్తానని, లేదంటే నెలాఖరుకి దిగి వచ్చేస్తానని మొదటి ఫోనులోనే చెప్పారు. సరేనన్నాను. ఏమనను? మగవాడు ఊరు దాటి బతికితేనే గౌరవమని నమ్మే మనుషులం మనం. కానీ ఉడా, నాకు మిమ్మల్ని చూడాలని ఉంది. పక్కన మీ ఊపిరి వినబడకపోతే నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

అమ్మ మిమ్మల్ని అడిగినట్టు రాయమంది. బూడిద మాట మాత్రం రాయొద్దంది.

మీ దారి చూసే,
యుస్నిదార్

తా.క.: కునిక్‌కి తగ్గిపోయింది. పోయిన వారమే ఎలుకను మింగి, చుట్ట చుట్టుకుని హాయిగా పడుకుంది. చెవి ఆనించి విన్నా చప్పుడు లేదు. ఆ మాట చెబితే మీరు సంతకం పెట్టేస్తారని భయమేసింది. అందుకే అప్పట్నుంచీ ఫోను నా నోటి దగ్గరే పెట్టుకుంటున్నాను. మొన్న మీరు విన్న ఊపిరి నాది. ఛాతీలో ఏదో అడ్డుపడిందన్నారే, అది మాత్రం నిజం.